సంతకం పెట్టకు, చెల్లీ

చెల్లికి,

అన్నయ్య దీవెనలు. మీ మఠంలో అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మీ వదిన మోకాళ్ల నొప్పితోనే, నా మీద విసుక్కుంటూనే, బాగానే ఉంది. నేనూ తిని తిరుగుతున్నాను. అంతకు మించి క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది. సిస్టరమ్మకి అబద్ధం రాస్తే పాపం రెండింతలని నువ్వే అంటావు.

పని ఎలా ఉందని అడిగావు. దుకాణాల్లో త్రాసులు పాడవుతూనే ఉన్నాయి, నేను బాగుచేస్తూనే ఉన్నాను.

బిషప్‌గారి ఉత్తరం సంగతి నువ్వు విన్నది నిజమే. ఇకమీదట ఫాదర్లు కానివాళ్లు ఎవరు ప్రసంగించాలన్నా అనుమతి పత్రం ఉండాలి, చెప్పబోయేది ముందే రాసి ఫాదర్‌గారికి చూపించాలి. వాక్యం చెప్పడానికి లైసెన్సేమిటని మన చర్చి విచారణ ఊళ్లలో అందరూ మండిపడుతున్నారు. ఇన్నేళ్లూ కూటాల్లో వాక్యం చెప్పిన నన్ను మళ్లీ మాట్లాడనివ్వమని అర్జీ రాసి సంతకాలు పోగుచేస్తున్నారు. నీకూ ఒక ప్రతి పంపారు కదా. "సర్కారు ముద్ర పడకపోతే మంచి త్రాసు తూకం తప్పుతుందా అన్నయ్యా?" అని రాశావు. నా పనిముట్టుతోనే నన్ను కొట్టావు. తప్పకపోవచ్చు. కానీ తప్పినా త్రాసుకి తెలియదమ్మా, నష్టపోయేది సరుకు కొన్నవాడు.

ఆ అర్జీ మీద సంతకం పెట్టకు. ఎందుకో చెప్పాలనే ఇంతసేపూ నసుగుతున్నాను.

బడి బస్సు డ్రైవరు భార్య నీకు గుర్తుండే ఉంటుంది, పూజలో ముందు బెంచీలో కూర్చుని పాటలెత్తుకునేది. ఆమెకి మూర్ఛ. ఏళ్లుగా మాత్రలతో నెట్టుకొస్తోంది. నిరుడు ప్రార్థన కూటంలో స్వస్థత గురించి మాట్లాడుతున్నాను. రాసుకెళ్లింది ఒక పేజీ. జనం చప్పట్లు కొట్టేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. "విశ్వాసం నిండుగా ఉన్నవాడికి మాత్రలతో పనేంటి?" అనేశాను. ఆ ముక్క కాగితంలో లేదు. ఈ నియమం అప్పటికే ఉన్నా, ఫాదర్‌గారు కాగితం చూసి సరేననేవారు. అందుకే ఆ నియమం మీద కూడా నాకు ఆశ లేదు.

అంతటితో ఆగితే నోరు జారిందని సరిపెట్టుకునేవాణ్ణి. మరుసటి ఆదివారం చర్చి మెట్ల దగ్గర ఆమె నన్ను ఆపింది.

"అన్నయ్యగారూ, మీ మాట విన్న రోజు నుంచి మాత్రలు మానేశానండి. ఇంట్లో చెప్పలేదు. ఒంట్లో హాయిగా ఉంది."

వేసుకో తల్లీ అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను పొంగిపోయాను చెల్లీ. "దేవుడు చూసుకుంటాడమ్మా" అన్నాను.

పన్నెండు రోజులకి బట్టలుతుకుతూ పడిపోయింది. తల గచ్చుకి తగిలింది. మళ్లీ లేవలేదు.

పాపసంకీర్తనంలో ఇదంతా ఒప్పుకున్నాను. ఫాదర్‌గారు క్షమాపణ ఇచ్చి, ఆమె భర్తకి నిజం చెప్పమన్నారు. వెళ్లాను. అతను కుర్చీ తుడిచి వేసి, టీ పెట్టి ఇచ్చి, "మీ మాటలంటే మా ఆవిడకి ప్రాణమండి" అన్నాడు. టీ తాగి వచ్చేశాను. మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ అంతే. గంటలకొద్దీ ఆపకుండా మాట్లాడిన నోరు, అక్కడ పెగలదు. ఇంట్లో మోకరిస్తే చప్పట్లు వినిపిస్తాయి తప్ప ప్రార్థన రాదు.

నా కోసం ప్రార్థించమని అడిగే ముఖం కూడా లేదు. అర్జీలో అందరికన్నా పైన, వంకర అక్షరాల సంతకం ఎవరిదో పోల్చుకోలేకపోయానన్నావు. అది అతనిదే.

ఇట్లు,
నువ్వు మంచివాడనుకున్న
నీ అన్నయ్య