గని గట్టు మీది వేప

1954 డిసెంబరు 23, కమలాపురం

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. మా చర్చి పెద్ద ఏసన్న ఈరోజు గొడ్డలి పట్టుకుని నాపరాయి గని దగ్గరికి వచ్చాడు. క్రిస్మస్‌కు చర్చిలో నిలబెట్టడానికి గట్టు మీది లేత వేపను నరుక్కుపోతాడట. గనిలో మాకు నీడంటే అదొక్కటే. కూలి ఆడవాళ్లు తాగగా మిగిలిన నీళ్లు పోసి దాన్ని ఎండాకాలాలు దాటించారు.

రాయి కొట్టడం ఆపి చెట్టుకు అడ్డం నిలబడ్డాను.

"దేవుని పనికి అడ్డమొస్తాండావేమప్పా?" అన్నాడు.

"దేవుడు పుట్టినాడని పచ్చని చెట్టు నరుకుతావా మామా? రెండు దినాల్లో ఎండిపోతాది. మేము యాడ కూచోని సంగటి తినల్ల?"

"మరి చర్చిలో ఏం నిలబెట్టల్ల? నిన్నా?"

ఆడవాళ్లు నవ్వారు. ఆ ఉక్రోషంలో జొన్నచొప్పతో చెట్టు కడతానని అనేశాను. అన్నాక తప్పుతుందా? మా దూడకు దాచిన చొప్ప తెచ్చి, సాయంత్రం చర్చిలో గడ్డపారకు కట్టి నిలబెట్టాను. పైన నక్షత్రం కూడా చొప్పదే. చూడబోతే చేలో దిష్టిబొమ్మలా ఉంది. పండగనాడు జనం నవ్వుతారేమోనని గుబులుగానే ఉంది.

ఏసన్న దాని చుట్టూ తిరిగి చూశాడు. తిడతాడనుకున్నాను.

"పండగైనాక ఈ చొప్ప మా బర్రెకిస్తావా?" అని మెల్లగా అడిగాడు. ఈ కరువులో ఆయన దగ్గరా మేత లేదు.

సగం ఇస్తానన్నాను.

వచ్చే ఏడు మళ్లీ గొడ్డలి తెస్తాడేమో. తేనీ. అప్పటికి ఆ వేప చర్చి తలుపులో పట్టదు.