రెండో భిన్నం తలకిందులు

జూన్ 19
స్టాఫ్ మీటింగ్. పిల్లల చేత మాట్లాడించడం ఇకమీదట లాంగ్వేజ్ టీచర్ల పని మాత్రమే కాదని హెడ్‌మిస్ట్రెస్ చెప్పింది. ప్రతి సబ్జెక్టులోనూ రోజూ పది నిమిషాలు వాళ్లు మాట్లాడాలట, మేం వినాలట. లెక్కల్లో మాట్లాడడానికి ఏముంటుందని డ్రిల్ మాస్టారు నన్ను చూసి నవ్వాడు. పరిగెత్తేవాళ్లు మాత్రం ఏం మాట్లాడతారన్నాను. టీ తాగి ఎవరి క్లాసుకి వాళ్లం వెళ్లాం.

జూన్ 24
ఏడో తరగతి. లెక్క ఎలా చేశారో చెప్పమన్నాను. గోడలకైనా చెవులుంటాయంటారు, వీళ్లకి నోళ్లే లేవు. పది నిమిషాలూ నేనే మాట్లాడాను.

జూన్ 25
మళ్లీ నేనే.

జూలై 2
కిటికీ పక్క కూర్చునే అమ్మాయిని లేపాను. మార్కులు బాగానే వస్తాయి, గొంతు మాత్రం నేనింతవరకు వినలేదు. జడ కొస నములుతూ నిలబడింది. జాలేసి కూర్చోమన్నాను.
ఇంటికొచ్చేసరికి నా గొంతు బొంగురు. అత్తయ్య వేడినీళ్లిచ్చి, ఇంట్లో నోరు విప్పకపోయినా ఫర్వాలేదులే అంది. జాలో, ఎత్తిపొడుపో తెలియలేదు.

జూలై 9
ఇన్‌స్పెక్షన్. ఇన్‌స్పెక్టర్ చివరి బెంచీలో కూర్చున్నారు. భిన్నాన్ని భిన్నంతో భాగించాలంటే రెండోదాన్ని తలకిందులు చేసి గుణించాలని బోర్డు మీద చూపించాను. అర్థమైందా అన్నాను. అయింది టీచర్ అని కోరస్.
ఆ అమ్మాయి లేచింది. పిలవకుండానే. నాకు అర్థం కాలేదండి, ఎందుకు తిప్పాలో మీరు చెప్పలేదు, వీళ్లకీ తెలీదు, ఊరికే అయిందంటారు అంది.
చెప్పబోయాను. రాలేదు. ఇన్నేళ్లుగా తిప్పుతూనే ఉన్నాను, ఎందుకని ఎవరూ అడగలేదు. ఇన్‌స్పెక్టర్ ఏదో రాసుకున్నారు.
సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ పిలిచింది. మాట్లాడించమంది ఇలా కాదట. ఆ పిల్లని పిలిచి నాలుగు చీవాట్లు పెడతానంది. వద్దన్నాను. మీరడిగింది ఇదే కదా మేడం, తప్పుంటే నా పేరున రాసుకోండి అన్నాను. ధైర్యం కాదు, ఓపిక అయిపోయింది.

జూలై 10
అరలీటరు సీసా, పావులీటరు గ్లాసు పట్టుకెళ్లాను. లీటరుకి నాలుగు పావులు. సగం లీటరుకి అందులో సగం, రెండు. అంటే సగాన్ని పావుతో భాగించడమంటే నాలుగుతో గుణించడమే. బల్లంతా నీళ్లు. ఆ అమ్మాయి వెనక బెంచీలకి తన మాటల్లో చెప్పింది, నాకంటే నయంగా. అయినా ఇంకో నలుగురు లేచి అర్థం కాలేదన్నారు. మళ్లీ చెప్పాను. సిలబస్ ఎక్కడిదక్కడే ఉంది.

జూలై 14
ఇన్‌స్పెక్షన్ సంగతికి నా పేరున మెమో వచ్చింది. సంతకం పెట్టాను.

జూలై 21
మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందని ఆ అమ్మాయి అడిగింది. నాకూ సరిగ్గా తెలీదన్నాను. క్లాసులో ఎవరూ నవ్వలేదు.