మంచునీళ్ళ సీసా

అన్నా,

నువ్వు పోయి నేటికి రెండేళ్ళు. ఈ జాబు నీకు అందదని తెలుసు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

నిన్న కర్నూలు కాలేజీలో ఒక లెక్చరరు దక్షిణ ధ్రువం దగ్గరి సముద్రం బొమ్మలు గోడమీద వేసి చూపించాడు. ఓడ పగలగొట్టిన మంచుపలక ఒకటి తిరగబడి ఉంది. దాని అడుగంతా రాగిసంగటి రంగు. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. వెనకవాళ్ళు కూర్చోమని అరిచారు.

గడ్డకట్టిన సముద్రం సందుల్లో ఉప్పునీళ్ళు మిగులుతాయట. వాటిలో పాచి, సూక్ష్మజీవులు పెరుగుతాయట. ఆ పాచిని చిన్న రొయ్యలు మేస్తాయి. నువ్వు పనిచేసిన ఓడ వేటాడిన తిమింగలాలు ఆ రొయ్యలను తినే బతుకుతాయి.

ఓడ పని మానుకుని కమలాపురం వచ్చిన రోజు నువ్వు నా చేతిలో అదే రాగిసంగటి రంగు నీళ్ళున్న ఒక సీసా పెట్టావు.

"మంచు కరిగిన నీళ్ళురా. దీంట్లో పైరు ఉండాది" అన్నావు.

"మంచులో ఏదీ బతకదని బడిలో పిల్లోల్లకు నేనే చెప్తాండా కదన్నా" అని నవ్వాను. ఊరంతా నవ్వింది. ఆ మురికినీళ్ళు పారబోయడానికి మనసొప్పక కరివేపాకు మొక్కకు పోశాను. మొక్క మాడిపోతే ఎండను తిట్టాను. నువ్వు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ నీళ్ళు ఒక్క సీసా దొరికినా తన జన్మ ధన్యమని లెక్చరరు అన్నాడు.

వదిన ఇన్నాళ్ళూ ఆ సీసాలో కిరసనాయిలు పోసుకుంటోంది. పొద్దున దాన్ని ఖాళీ చేసి, బూడిద వేసి కడుగుతూ కూర్చున్నాను.

"ఎన్ని తూర్లు కడుగుతావప్పా" అంది వదిన. "ఆ వాసన పోదు."