కోడలు వద్దన్న గొర్రె

కాష్కా-బెల్,
మార్చి పదహారు.

నా కోడలు బేగిమాయ్‌కి, నుదుటి మీద ముద్దు పెట్టి మీ అత్త రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మనుషులూ పశువులూ అందరూ కులాసా. నువ్వు కూడా కులాసాగానే ఉన్నావని నీ అక్షరాలు చూస్తేనే తెలిసింది, వంకర పోకుండా నిలబడి ఉన్నాయి. హాస్టలు కిటికీ సరిగ్గా మూతపడటం లేదని రాశావు. ఆ సందులో పాత గుడ్డ కుక్కు. పట్నంలో కిటికీ బాగుచేసేవాడి కోసం ఎదురుచూస్తే నీ మూడు నెలల చదువూ అయిపోతుంది.

మొన్న గుట్ట ఎక్కి "వచ్చింది! మంజూరైంది!" అని ఫోనులో అరిచాను. నువ్వు నవ్వావో ఏడ్చావో ఆ గాలిలో తెలియలేదు. నీకు వినపడిందో లేదో గానీ గుట్ట మీద సిగ్నలు కోసం నిలబడ్డ పదిమందికీ వినపడింది. కిందికి దిగేసరికి ఊరంతా తెలుసు. మిగిలిన సంగతులు ఆ పదిమంది ముందు చెప్పేవి కావు కనుక కలం పట్టాను.

పోయిన ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. ఐజిరెక్ దగ్గు పూర్తిగా తగ్గింది. దగ్గు పోయి నోరు వచ్చింది. "మా అమ్మ రోడ్లు చదునుచేసే గ్రేడర్ నడుపుతుంది, మీ అమ్మ ఏం నడుపుతుంది?" అని బడిలో పిల్లల్ని నిలబెట్టి అడుగుతోందట. టీచరమ్మ నన్ను పిలిచి ఫిర్యాదు చేసింది, చేస్తూనే నవ్వింది. ఎర్రావు ఈనింది. పెయ్యదూడ, నుదుట తెల్లమచ్చ. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. నమ్మకపోతే ఖాళీ అట్టలు దాచాను, వచ్చి లెక్కపెట్టుకో.

నాలుగో ప్రశ్నకి తర్వాత వస్తాను.

ముందు మంచి మాట. మన ఆడవాళ్ల సంఘానికి ప్రభుత్వ నిధి వచ్చింది. అడిగినవన్నీ ఒప్పుకున్నారు. రోడ్డు డిపోలో, నువ్వు ముందే మొదలుపెట్టిన చదువుతో కలిపి, నలుగురికి పెద్ద యంత్రాల మీద శిక్షణ, ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి పొయ్యి ఉన్న గది, పిల్లల్ని ఉంచడానికి ఒక గది. నువ్వు చదువు ముగించి రాగానే నీ చేతిలో పార కాదు, గ్రేడర్ పెట్టాలని కాగితంలో రాసే ఉంది. డిపో అధికారి ముకాష్ దాని మీద సంతకం పెట్టాడు. పెట్టేటప్పుడు వాడి ముఖం పంటి నొప్పి వచ్చినవాడిలా ఉందని నీతో పార పట్టే సాదత్ చెప్పింది. ఆడవాళ్లు చేయకూడని పనుల పట్టీని చట్టంలోంచి తీసేశారు గానీ ముకాష్ బుర్రలోంచి ఇంకా తీయలేదు. దానికి వేరే నిధి అడగాలి.

ఇక నాలుగోది. "తనిఖీకొచ్చిన కమిషన్‌వాళ్లకి టీ, రొట్టె తప్ప ఇంకేమీ పెట్టలేదు కదా అత్తమ్మా, నేను చెప్పినట్టే?" అని అడిగావు.

గొర్రెను కోయించాను.

అరవకు. చదువు. కానుకలు వద్దు, విందులు వద్దు అని నువ్వు మూడుసార్లు చెప్పావు, నిజమే. కానీ ప్రభుత్వం తరఫున మనుషులు కొండ దాటుకుని నా గడపలోకి వస్తుంటే ఉత్త టీ పోసి పంపిస్తే నేను రేపు ఊళ్లో తలెత్తుకుని తిరగగలనా? పొద్దున్నే పక్కింటి వాళ్లబ్బాయి చేత తెల్లమూతి గొర్రెను కోయించి, పెద్ద బాన పొయ్యి మీదికి ఎక్కించాను. నువ్వు పట్నంలో ఉన్నావు, ఎవరు చెప్తారులే అనుకున్నాను.

కమిషన్ అంటే మీసాలవాడు వస్తాడనుకున్నాను. నీ వయసు పిల్ల దిగింది, పేరు ఉల్జాన్. చంకలో ఫైలు, కాళ్లకి బురద బూట్లు. వెంట ముసలి డ్రైవరు. పొద్దున డిపో చూసుకుని, సంఘం చిరునామా మన ఇల్లే కనుక మధ్యాహ్నానికి ఇక్కడికి వచ్చారు. గుమ్మంలోనే వాసన తగిలి ఆ పిల్ల ఆగిపోయింది.

"పెద్దమ్మా, ఇది మా కోసమేనా?"

"మీ కోసం కాక మా ఆవు కోసమా? రండి, కూచోండి."

"తింటే నేను రాయాలి పెద్దమ్మా. రాస్తే మీ దరఖాస్తు పక్కన పడేస్తారు."

"తినకపోతేనో?"

"తినకపోతే మీరు చచ్చేదాకా నన్ను తిట్టుకుంటారు."

ఎంత చక్కగా చెప్పిందో చూడు, కోపం కూడా రాలేదు. వచ్చింది చెమట. నువ్వు మూడు సంవత్సరాలు పడ్డ కష్టం నా బానలో ఉడికిపోతోందని అప్పుడు తెలిసింది. డ్రైవరు అప్పటికే చేతులు కడుక్కుని, కాళ్లు మడుచుకుని కూచున్నాడు. ఆ తడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే పైకి పట్టుకున్నాడు పాపం.

"సరే. మీరు తినొద్దు," అన్నాను. "మా డిపో పనివాళ్లకి పెట్టుకుంటే దానికేమైనా రూలుందా?"

"పనివాళ్లకి మీ ఇష్టం," అంది.

పక్కింటివాళ్ల బండి మీద బాన ఎక్కించి డిపోకి తీసుకెళ్లాను. పరువు ఎలాగూ పోయింది, మాంసమైనా చల్లారకుండా ఉండాలి కదా. ఉల్జాన్ తన ఫైలు పట్టుకుని వెనకే వచ్చింది.

పొద్దున ముకాష్ ఆ పిల్లకి ఏం చూపించాడో నీకు తెలియాలి. మగవాళ్లు తినే పొయ్యి గదిలో బల్ల మీద ప్లాస్టిక్ పువ్వులు పెట్టి, "మా దగ్గర ఆడా మగా అందరూ ఈ బల్ల దగ్గరే తింటాం, మాకు తేడాల్లేవు," అన్నాడట. "ఇక్కడ ఏ ఆడదీ డ్రైవరు పని కావాలని అడగలేదు, ఆ కోడలు ఒక్కతే తప్ప," అని కూడా అన్నాడట. ఆ పిల్ల రాసుకుంది. ఆ రాతతోనే పోయి ఉంటే మన పని అక్కడికి ముగిసేది.

బాన మూత తీశాను. మగవాళ్లు బల్ల చుట్టూ కూచున్నారు. మన ఆడవాళ్లు ఐదుగురూ ఎవరూ చెప్పకుండానే గిన్నెలు పట్టుకుని గుమ్మం బయట వరసగా నిలబడ్డారు, రోజూ నిలబడినట్టే. వాటా పోయించుకుని, వాళ్లు కూచుని తినే ఆ ఇనుప డబ్బా గదిలోకి పోవడానికి. ఇరవై ఎనిమిదేళ్లుగా పార పట్టిన సాదత్ అందరికంటే వెనకాల, మంచు కరిగిన బురదలో నిలబడింది. ఉల్జాన్ ఒకసారి వాళ్లని చూసింది, ఒకసారి పువ్వుల్ని చూసింది. పొద్దున రాసుకున్నది అడ్డంగా కొట్టేసింది. నేను కళ్లారా చూశాను.

"సాదత్, లోపలికి రా, కూచో," అన్నాను.

"వద్దులే బురుల్‌కన్, బూట్లు బురదగా ఉన్నాయి."

"మగాళ్ల బూట్లకి తేనె అంటుకుందా? రా!"

వచ్చింది. బల్ల చివర కూచుంది. మన దగ్గర ఏ ఎముక ఎవరిదో మనిషి పుట్టకముందే రాసిపెట్టి ఉంటుంది కదా. గొర్రె తల ముకాష్ ముందు పెట్టాను, ఎంతైనా అధికారి. తుంటి ఎముక మాత్రం మగ పెద్దలని దాటించి సాదత్ చేతిలో పెట్టాను. సాదత్ దాన్ని చిన్నపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది.

ముకాష్‌కి అది మింగుడు పడలేదు.

"మర్యాదలు బాగానే ఉన్నాయి అక్కా," అన్నాడు నాతో, కళ్లు మాత్రం ఉల్జాన్ మీద పెట్టి. "ఒక్క కాగితం టైముకి ఇవ్వడం చేతకానివాళ్లకి అంత పెద్ద యంత్రం అప్పజెప్తారా? పోయినేడు ఏం చేశారు వీళ్లు? గడువు దాటించారు. అడగండి."

ఉల్జాన్ ఫైలు తిప్పింది. "అది నిజమే పెద్దమ్మా. పోయినేడు పేరు నమోదు చేసుకుని దరఖాస్తు పంపలేదని రాసుంది. నాకు అడ్డమొచ్చేది అదొక్కటే. ఏం జరిగిందో ఎవరైనా చెప్తే రాసుకుంటాను."

ఆడవాళ్లలోంచి ఒకరు, "టపా పంచే జైనాప్ పోగొట్టింది, ఇంకెవరు," అన్నారు. అందరూ తలలు ఊపారు. ఏడాదిగా ఊరంతా అనుకుంటున్నది అదే. నువ్వు నమ్ముతున్నదీ అదే.

బేగిమాయ్, చేతిలో మాంసం కోసే కత్తి ఉంది. అది బల్ల మీద పెట్టి చెప్పాను.

"జైనాప్ పోగొట్టలేదు. ఆమె చేతికి నేను ఇస్తే కదా. కోడలు మంచు తీసే డ్యూటీకి పోతూ నాకు ఇచ్చి టపాలో వెయ్యమంది. నేను పరుపుల దొంతర కింద పెట్టాను. గడువు అయిపోయాక పొయ్యిలో పెట్టాను."

ఇదే నేను నీకు చెప్పవలసింది. గొర్రె సంగతి చెప్పడానికి అయితే ఇంత కాగితం ఖర్చు చేసేదాన్ని కాదు.

"ఎందుకు పెద్దమ్మా?" అని అడిగింది ఉల్జాన్. కలం ఎత్తి పట్టుకుంది గానీ రాయలేదు.

"పోతుందని," అన్నాను. అక్కడ అంతవరకే చెప్పాను.

నీకు మిగతాది చెప్తాను. నా కొడుకు రష్యా వెళ్లి ఇది నాలుగో ఏడు. అక్కడ వాడికి వేరే ఇల్లు ఉందని నీకూ తెలుసు, నాకూ తెలుసు, మనిద్దరం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నువ్వు మాత్రం నాకు టీ పోస్తూ, నా మాత్రలు లెక్కపెడుతూ ఇక్కడే ఉన్నావు. పార పట్టే కూలితో ఎక్కడికి పోతుందిలే అనుకునేదాన్ని. సిగ్గు లేకుండా రాస్తున్నాను, నిజంగా అలాగే అనుకునేదాన్ని. యంత్రం నడిపే జీతం వస్తే మా గడపతో నీకేం పని? పిల్లని తీసుకుని పోతావు. ఆ దరఖాస్తు చేతిలో పట్టుకుంటే నాకు నీ పెట్టె కట్టి గుమ్మంలో పెట్టినట్టే కనిపించింది.

డిపోలో అప్పుడు సాదత్ ఎముక కింద పెట్టి అంది: "మీ అత్త నిన్ను ట్రాక్టరు మీద నుంచి దింపి ఇంట్లో కూచోబెట్టినప్పుడు ఎన్నాళ్లు ఏడ్చావో నేను చూశాను బురుల్‌కన్. నువ్వు కూడానా?"

సోవియట్ రోజుల్లో, సామూహిక వ్యవసాయ క్షేత్రంలో ఒకే ఒక్క వేసవి ట్రాక్టరు నడిపాను. ఆ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. చెప్తే నువ్వు నన్ను చూసి మరింత ధైర్యం తెచ్చుకుంటావని భయం. అక్కడే, అందరి ముందూ ఏడ్చాను. మగవాళ్లు గిన్నెల్లోకి చూస్తూ కూచున్నారు. ముకాష్ కూడా తల కొరకడం మానేశాడు.

ఉల్జాన్ రాయడం మొదలుపెట్టింది. రాసినది నాకు చదివి వినిపించింది, సంతకం కూడా పెట్టించుకుంది: పోయిన ఏడాది ఆలస్యంలో సంఘం తప్పు లేదు, ఒక కుటుంబ సభ్యురాలు దరఖాస్తును ఆపింది. కుటుంబ సభ్యురాలు, అంటే నేను. వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "మా అత్త కూడా ఆపింది పెద్దమ్మా, ఆవిడ ఇప్పటికీ చెప్పలేదు," అంది. ముసలి డ్రైవరుకి టీ, రొట్టె పెట్టి పంపాను. అవి రూలులో ఉన్నవే. బాన వైపు చూస్తూ తిన్నాడు.

పదకొండో రోజున కాగితం వచ్చింది. ఆ రోజు ఎంత తేలికగా ఉన్నానో చెప్పలేను. రెండు గిన్నెల నూడిల్స్ తిన్నాను. నువ్వు ఉంటే బీపీ అని ఒక గిన్నె లాక్కునేదానివి.

ముందు జైనాప్ ఇంటికి వెళ్లాను. నన్ను చూడగానే తలుపు వేసేసింది. మర్నాడు మళ్లీ వెళ్లాను. తీసింది. "ఏడాదిగా నీ కోడలు నాకు సలాం చెప్పలేదు, తెలుసా? సంచి భుజాన వేసుకుని మీ వీధిలోంచి రావాలంటేనే ప్రాణం పోయేది," అంది. నేను తల వంచుకుని నిలబడ్డాను. టీ ఇవ్వలేదు. ఇవ్వనక్కర్లేదు కూడా. నువ్వు వచ్చిన రోజున ముందు ఆవిడ ఇంటికి వెళ్లు, మన ఇంటికి తర్వాత రావచ్చు.

నన్ను ఏమైనా అను. ఉత్తరంలో వద్దు, ఎదురుగా అను. టీ పోసే మిషతో లేచి వెళ్లిపోను, బీపీ అని పడుకోను. ఏడాది పాటు నువ్వు నా ముందు పారతో పోయి పారతో వస్తుంటే పైకి ఏమీ ఎరగనట్టు రొట్టె చేసి పెట్టాను. దానికి ఎంత తిట్టినా నాకు సరిపోదు. కానీ చెప్పేశాక గుండె మీద బరువు దిగిపోయింది, తల్లీ. ఇలా అనడానికి నాకు హక్కు లేదు, అయినా అంటున్నాను.

ఆ రోజు డిపోలో వాటాలు వేసేటప్పుడు, లేనివాళ్ల వాటా తీసి ఉంచాలి కదా, నీదీ తీశాను. కోడలికి పెట్టే సన్న ఎముక కాదు. గొర్రెకి తుంటి ఎముకలు రెండు. ఒకటి సాదత్‌ది, రెండోది మంచుగడ్డల పెట్టెలో నీ పేరు మీద ఉంది.

వచ్చి తిను. తిన్నాక ఇక్కడే ఉంటావో, ఐజిరెక్‌ని తీసుకుని వెళ్తావో నీ ఇష్టం. వెళ్తానంటే బట్టలు నేనే సర్ది, బండి దాకా నేనే మోస్తాను.

ఇట్లు,
ఇంకా మీ అత్తనే అనుకుంటున్న
బురుల్‌కన్