ఆరు కిలోల లోపు

చిరంజీవి దీపశ్రీకి అమ్మ దీవెనలు.

ఇక్కడ మీ నాన్న, నేను క్షేమం. నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను. క్షేమమని రాశాను గానీ, నాకు చాలా భయంగా ఉందే. రేపు పొద్దున పదింటికి నరసరావుపేటలో స్టాటిస్టిక్స్ పేపరు. ఇది గట్టెక్కితేనే డిగ్రీ, డిగ్రీ ఉంటేనే ఈ అంగన్‌వాడీ టీచరు సూపర్‌వైజరయ్యేది.

లెక్కలు ఫోన్‌లో చెబుతానంటే వినకుండా కాగితాల మీదే ఎందుకమ్మా అని అడిగావు. నీ చేతిరాతలో మెట్టు మెట్టుగా కనపడితేగానీ లెక్క నా బుర్రకెక్కదు, అందుకు.

నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో మైనస్ రాగానే ఎందుకు ఆగిపోతున్నావనీ అడిగావు. పట్టికలో మైనస్సే లేదు కదే తల్లీ! ఏడాది పిల్లల సగటు బరువు తొమ్మిది కిలోలు, విచలనం ఒక కిలో, ఆరు కిలోల లోపు ఎందరుంటారు అని లెక్క. ఆరులోంచి తొమ్మిది తీస్తే మైనస్ మూడు వచ్చింది. నాదే తప్పనుకుని అంకెలు అటూ ఇటూ మార్చి ప్లస్ చేసుకున్నాను. వెయ్యికి తొమ్మిదివందల తొంభైతొమ్మిది మంది ఆరు కిలోల లోపేనని తేలింది. మీ నాన్న చూసి, "ఏందే, రొంపిచెర్ల పిల్లలంతా ఒక్కసారే ఎండిపోయారా?" అని ఒకటే నవ్వు.

ఈ రోజు పొద్దున నువ్వు చెప్పినట్టే గుడిగంట ఆకారంలో బొమ్మ గీసి, నడుమ తొమ్మిది పెట్టి, ఎడమవైపు తోకకు గీతలు కొట్టాను. గుర్తు వదిలేసి మూడుకు పట్టిక చూస్తే 0.4987. సగంలోంచి తీసేస్తే 0.0013. వెయ్యికి ఒకరు. పుస్తకం వెనక జవాబుతో సరిపోయింది. ఎంత సంబరపడ్డానో!

ఆ సంబరం నిమిషం నిలవలేదు. ఆ ఒక్కరు ఎవరో నాకు తెలుసు.

నీకు చెప్పకుండా దాచానమ్మా. మన వీధి చివర ప్రీతికి పింకీ అని ఏడాది పిల్ల. పోయిన నెల ప్రీతి మిరప కోతకు పోతే, నాయనమ్మ హనుమాయమ్మ తూకానికి ఎత్తుకొచ్చింది. 5.9 వచ్చింది. ముసలామె నా చెయ్యి పట్టుకుంది. "ధనమ్మా, ఎర్ర గడిలో ఎక్కియ్యమాకమ్మా. బక్కపిల్లని ఊళ్లో పేరు పడిపోద్ది. వచ్చే నెలకి అదే బొద్దుగా అయిద్దిలే" అంది. ఆమె మొహం చూసి పిల్ల ఎదుగుదల కార్డులో 7.9 రాశాను. ఒక్క అంకె. ఎర్ర గడిలో పడితే ఆసుపత్రికి పంపాల్సిన పిల్లను దాంతో ఇంట్లోనే ఉంచేశాను. అప్పుడది దయ అనుకున్నాను.

పుస్తకం అక్కడే పడేసి పరుగెత్తాను. మళ్లీ తూస్తే 5.6. కళ్లు గుంటలు పడి, ఏడవడానికి కూడా ఓపిక లేదు పిల్లకు. ప్రీతినీ, హనుమాయమ్మనూ వెంటబెట్టుకుని ఆటోలో నరసరావుపేట ఆసుపత్రికి తీసుకొచ్చాం. ఇది పిల్లల వార్డు బయట బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

డాక్టరమ్మ కార్డు చూసి ఉలిక్కిపడింది. "నెలలో రెండు కిలోల పైనే తగ్గిందా? ఇది వేరే ఏదో జబ్బు. గుంటూరు పంపాలి" అంది. ప్రీతి గొల్లుమంది. హనుమాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నేల చూసింది. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే లేని జబ్బు కోసం ఆ ప్రాణాన్ని ఊళ్లు తిప్పుతారు.

"ఏడు తొమ్మిది తప్పమ్మా. అప్పుడొచ్చింది ఐదు తొమ్మిది. తెలిసే రాశాను" అన్నాను.

డాక్టరమ్మ అంకె కొట్టేసి, పక్కన నా చేత సంతకం పెట్టించుకుంది. గుంటూరు మాట ఆపి, చెంచాతో కొద్దికొద్దిగా పాలు పట్టించడం మొదలుపెట్టింది. రెండు రోజులు గడిస్తేగానీ ఏమీ చెప్పలేనంది. సూపర్‌వైజరుగారికి నేనే ఫోన్ చేసి చెప్పేశాను. సోమవారం ఆఫీసుకు రమ్మన్నారు. రేపు పరీక్షకు వెళ్లాలో, ఇక్కడే ఉండాలో తెలియడం లేదు.

ప్రీతి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఇందాక బయటికొచ్చి ఒక్క మాటే అంది. "కార్డు చూసుకునేగా పిన్నీ, నేను నిబ్బరంగా కూలికి పోయింది."

దానికేం చెప్పాలో నీకు తెలిస్తే రాయమ్మా.

ఇట్లు,
నీ జవాబు కోసం ఎదురుచూసే
మీ అమ్మ, ధనమ్మ