లైటు ముందు కుర్చీ

అమ్మకి,

నేనొచ్చేసరికి నువ్వు నిద్రలో ఉంటావు, నువ్వు వెళ్లేసరికి నేను నిద్రలో ఉంటాను. ఒకే సీసాల ఫ్యాక్టరీలో చేస్తూ, షిఫ్టు మారేటప్పుడు గేటు దగ్గర భుజాలు రాసుకోవడమే తప్ప మాట లేదు. అందుకే ఎప్పటిలాగే చక్కెర డబ్బా కింద కాగితం పెడుతున్నాను. ఈసారి కోపంతో పెడుతున్నాను.

నోటీసు బోర్డు చదివాను. యాభై దాటినవాళ్లు ఇష్టమైతే ముందే రిటైరవ్వొచ్చట, పైన కొంత డబ్బిస్తారట. కొత్త మెషీన్లొస్తున్నాయి, మనుషులు ఎక్కువయ్యారు, ఎవర్నీ తీసెయ్యకుండా తగ్గించుకునే దారి ఇదేనట. ఎంత మర్యాదో! గెంటేవాడు వంగి దండం పెట్టినట్టుంది. దానికి అందరికంటే ముందు చెయ్యెత్తింది నువ్వేనని మా ప్యాకింగు మేస్త్రీ చెప్పాడు. "నీకోసమే ఈ త్యాగంలేవే. పెద్దవాళ్లు కదలకపోతే పీకేది మీలాంటి కుర్రకుంకల్నేగా" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. నేనడిగానా?

ఇంకోటి నన్ను తొలిచేస్తోంది. షిఫ్టయ్యాక సాయంత్రం దాకా నువ్వు ఇంటికి రావడం లేదని పక్కింటి పిన్ని చెప్పింది. ఎక్కడికెళ్తున్నావు? అరచేతుల్లో ఆ కొత్త కాయలేమిటి? చెప్పులు మానేసి బూట్లెందుకు? ఆఫీసులో నిలబెట్టి నిన్ను నలుపుతున్నారా?

నువ్వు చెప్పవు. అందుకే ఇవాళ ఈ దరఖాస్తులు చూసే పర్సనెల్ ఆఫీసర్ గదిలోకి దూసుకెళ్లాను. "మా అమ్మని బలవంతంగా పంపిస్తే ఊరుకోను, ఆ దరఖాస్తు చింపెయ్యండి" అన్నాను. తిడతాడనుకున్నాను. మొహం వెలిగిపోయింది ఆయనకి! "నిజంగానా అమ్మాయ్? కూర్చో, కూర్చో" అని టీ తెప్పించాడు. ఎందుకో అర్థం కాలేదు. నీకు అర్థమైతే రాయి.

నీ కూతురు

* * *

మొండిఘటానికి,

టీ ఎందుకిచ్చాడో నాకు తెలిసింది. పొద్దున్నే పిలిచి, "మీ అమ్మాయే వద్దంటోంది, మాకూ మిమ్మల్ని వదులుకోవాలని లేదు, దరఖాస్తు పక్కన పెట్టేశాం" అన్నాడు. ఎవరు పోతే బాగుండునని కంపెనీవాళ్లనుకున్నారో వాళ్లంతా కుర్చీలకి అతుక్కుపోయారు. పనొచ్చినవాళ్లం లేచాం. ఒప్పుకోవడం, మానడం కంపెనీ ఇష్టమని అదే నోటీసులో కింద ఉంది. నువ్వు పైసగం చదివి పరిగెత్తావు.

నీకోసం పోతున్నానా? అంత లేదు తల్లీ. నువ్వు పుట్టకముందు నుంచీ ఆ తెల్ల లైటు ముందు కూర్చున్నాను. సీసాలు వరసగా పోతుంటాయి, నేను పగులో బుడగో వెతుకుతుంటాను. ఇంటికొచ్చినా అదే చూపు. ఎదురుగా నువ్వు కూర్చుంటే ముందు మొటిమే కనిపిస్తోంది, మొహం తర్వాత. పైగా అన్నీ కదిలిపోతాయి, నేను తప్ప.

అందుకని వ్యాను నేర్చుకుంటున్నాను. నేర్పే బండి పాతది, స్టీరింగు నీకన్నా మొండిది, ఆ కాయలు దానివే. చెప్పులైతే బ్రేకు మీద జారుతున్నాయని మాస్టారు బూట్లు వేయించారు. బడిపిల్లల్ని తిప్పే పని మాట్లాడుకున్నాను. లైసెన్సు రాకముందే చెబితే నవ్వుతావని దాచాను.

ఇప్పుడు కుర్చీ వదలదు, బండి ఆగదు. ఏం చేద్దామో చెప్పు.

అమ్మ

* * *

డ్రైవరమ్మకి,

నవ్వలేదు. నా మీద నాకే కోపమొచ్చింది. మళ్లీ వెళ్లాను. ఈసారి టీ లేదు. "మొన్న ఆపమన్నావు, ఇవాళ పంపమంటున్నావు, ఆటలుగా ఉందా?" అన్నాడు.

"మొన్న అమ్మని అడక్కుండా వచ్చాను, బుద్ధిలేక. మీరూ ఆమెని అడక్కుండానే ఆపారు. మీకేమైంది?" అన్నాను.

కాసేపు పెన్ను మూత పెట్టాడు, తీశాడు. "అలాంటి కళ్లు మళ్లీ ఎక్కడ దొరుకుతాయి?" అన్నాడు. అప్పటిదాకా అనుకోనేలేదు, నోట్లోంచి వచ్చేసింది: "ఆమె వెళ్లేలోగా నన్ను పక్కన కూర్చోబెట్టండి, నేర్చుకుంటాను." ఒప్పుకున్నాడు. నీ దరఖాస్తు మళ్లీ బల్లమీదకొచ్చింది, నా కళ్లముందే సంతకం పెట్టాడు.

మేస్త్రీ ఇప్పుడు నాది త్యాగమంటున్నాడు. ఆయనకదొక్క మాటే వచ్చనుకుంటా. నిజమేమిటంటే, ఇన్నేళ్లు ఆ వెలుతురులో నీకేం కనిపించిందో చూడాలని ఉంది. విసుగొస్తే నేనూ లేస్తాను, యాభై దాకా ఆగను.

సోమవారం నుంచి మనిద్దరిదీ ఒకే షిఫ్టు, పక్కపక్క కుర్చీలు. డబ్బా కింద ఇదే చివరి కాగితం. ఒకటే షరతు, నా మొటిమలు లెక్కపెట్టకు. పనయ్యాక నన్నూ వ్యాను ఎక్కించుకో. మాస్టారుంటారుగా, కళ్లు మూసుకుని కూర్చుంటాను.

నీ మొదటి ప్యాసింజరు