అబూ గాయిబ్ పలకడు

బస్రా, ఇరాక్

అమ్మాయి సుహాద్‌కు నాన్న దీవెనలు. అల్లా దయవల్ల మీ అమ్మా నేనూ బాగున్నాం. ఆ స్వీడన్ చలిలో నువ్వూ బాగున్నావనే అనుకుంటాను. నా రాత కోడి గీతల్లా ఉంటుంది, ఓపిగ్గా చదువుకో.

నదిలోకి ఈ ఏడు కూడా సముద్రపు ఉప్పు ఎక్కింది. అయినా మన పెరటి ఖర్జూరం గెలలు వేసింది, కాయ పసుపు తిరిగింది. మీ అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. మెట్లెక్కుతూ నన్ను తిడుతోంది, కాబట్టి బాగున్నట్టే.

నీ నవల అందింది. అచ్చక్షరాలు నా కళ్లకు ఆనవు కదా, మీ అమ్మ చదివింది, నేను విన్నాను. పరాయి దేశంలో నువ్వెవరివని అడిగితే అందులో పిల్లకు నోరు పెగలదు. ఆమె పేరు అక్కడ ఎవరికీ నోరు తిరగదు. ఇక్కడ చూస్తే వాళ్ల నాన్నను అందరూ అబూ గాయిబ్ అంటారు, రానివాడి తండ్రి అని. కొడుకు లేని మగవాణ్ణి మన దగ్గర పిలిచేది అలాగే కదా, నన్నూ అలాగే పిలిచారు. పుట్టని అన్నకున్న చోటు కూడా నాకు లేదంటుంది ఆ పిల్ల. మీ అమ్మ అక్కడ ఆగింది. మళ్లీ చదవమన్నాను.

నలుగురూ నవ్వుతున్నారా, రెండో ముద్రణలో ఆ అధ్యాయం తీసేయనా అని అడిగావు. నవ్వారు. టీ కొట్లో డామినోలు ఆడుతుంటే ఖర్జూరాల వ్యాపారి కాజిమ్ అందుకున్నాడు.

"ఏమయ్యా అబూ గాయిబ్, నీ కూతురు నీ పరువు అచ్చు వేయించిందిగా."

"వేయించింది. నీ పరువుకు అచ్చు వేసేవాడే దొరకడు. ఇకమీద నన్ను అబూ సుహాద్ అంటేనే పలుకుతాను."

"కూతురి పేరుతోనా? ముసలాడికి మతి పోయింది. నీ వంతు, ఆడు అబూ గాయిబ్."

నేను పలకలేదు. మీసం దువ్వుకుంటూ కూర్చున్నాను. మిగతా ఇద్దరూ బతిమాలారు. గెలిచే బిళ్ల కాజిమ్ చేతిలో ఉందని వాడి మొహమే చెబుతోంది. నేను ఆడితే గాని వాడు దించలేడు. అందరి టీ చల్లారింది. చివరికి వాడే అరిచాడు.

"ఆడవయ్యా అబూ సుహాద్, నీ మొండితనం తగలెయ్య."

ఆడాను. ఆట వాడే గెలిచాడు, గెలవనీ. ఇప్పుడు వీధంతా నన్ను అలాగే పిలుస్తోంది. రొట్టెల అంగట్లో ఉమ్ సుహాద్, సుహాద్ తల్లీ అని పిలిస్తే ఆ సంబరంలో మీ అమ్మ రొట్టెలు మరిచి ఇంటికొచ్చేసింది.

ఒక సంగతి ఇంతవరకు చెప్పలేదు. ఆ అధ్యాయం కాజిమ్‌కు ఎలా తెలిసిందనుకున్నావు? నేనే పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లి, కొట్లో అందరూ వినేలా టీ కుర్రాడి చేత చదివించాను. మీ అమ్మకు తెలియదు.

ఒక్క అక్షరం తీయకు. ఆ రెండో ముద్రణ నువ్వే పట్టుకురా. అక్కడివాళ్లు నీ పేరు సరిగా అనేదాకా నువ్వూ పలకకు.

ఇట్లు,
నీ నాన్న
అబూ సుహాద్